పాత మోటారు బోటు బాగుచేయాలంటే ముందు వాననీటి దారి కనుక్కోవాలి

పాత మోటారు బోటును సొంతంగా బాగుచేసుకోవాలని దిగినవారిలో ఎక్కువమంది ముందుగా ఇంజన్ మూత ఎత్తి చూస్తారు. తర్వాత వారి చూపు వెలిసిపోయిన రంగు మీదా, చిరిగిన సీట్ల మీదా పడుతుంది. ఇంజన్ స్టార్టయితే చాలు, మిగతాది ఓపిక ఉంటే అదే అయిపోతుందనుకుంటారు. ఇరవై ముప్పై ఏళ్ళు దాటిన ఫైబర్‌గ్లాస్ బోటు విషయంలో ఇది తలకిందుల లెక్క. ఇంజన్ ఎంత పాడైనా మార్చుకోవచ్చు. బోటు నిలుస్తుందా లేదా అన్నది ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య కంటికి కనిపించకుండా ఉన్న చెక్క తేలుస్తుంది. ఆ చెక్కను కుళ్ళబెట్టేది చాలాసార్లు బోటు తేలే నీరు కాదు, దాని మీద పడే వాన. ఈ సంగతి మనసుకు ఎక్కితే ఏ పని ముందు, ఏది తర్వాత అన్న గందరగోళం చాలావరకు తీరిపోతుంది.

అసలు పాత బోటు మీద అంత శ్రమ ఎందుకని అడిగేవారికి గట్టి జవాబే ఉంది. ఈనాటి విహార బోట్ల నమూనా 1960ల మొదట్లోనే దాదాపు స్థిరపడింది. రే హంట్ రూపొందించిన లోతైన 'వీ' ఆకారపు అడుగుభాగం వెనుక అంచు దాకా సుమారు 24 డిగ్రీల వాలుతో సాగి, ఎగుడుదిగుడు నీటిని చీల్చుకుంటూ పోతుంది. ఆ ఆకారంతో కట్టిన 'మాపీ' అనే బోటుతో రిచర్డ్ బెర్‌ట్రమ్ 1960లో మయామీ-నస్సావ్ పందెం గెలిచాక తయారీదారులు వరసగా ఆ దారి పట్టారు. అంతకు ముందు ఏడాదే, 1959లో, వోల్వో పెంటా సంస్థ ఆక్వామాటిక్ పేరుతో స్టెర్న్‌డ్రైవ్‌ను అమ్మకానికి తెచ్చింది. ఇంజన్ బోటు లోపల, ప్రొపెల్లరు ఉండే కాలు వెనుక గోడకు బయట ఉండే ఏర్పాటు అది. కాబట్టి 1970ల నాటి మంచి బోటు, నీటి మీద నడిచే తీరులో ఇప్పటి బోటుకు పెద్దగా తీసిపోదు. పైగా గాజు పీచు, పాలిస్టర్ రెజిన్ కలిసి గట్టిపడిన పెంకుకు చెద పట్టదు, తుప్పు పట్టదు, అది కుళ్ళదు. చిక్కంతా ఆ పెంకుకు బిగువునివ్వడానికి లోపల పెట్టిన చెక్కతోనే.

చెక్క ఎక్కడ ఉంటుంది, ఎలా కుళ్ళుతుంది

ఫైబర్‌గ్లాస్ పెంకుకు బలం ఉంది కానీ పలచగా ఉంటే వంగుతుంది. అందుకే అడుగున ముందు నుంచి వెనుకకు పొడవునా స్ట్రింగర్లు వేస్తారు. ఇంటి కప్పుకు దూలాలు ఎలాగో బోటు అడుగుకు ఇవి అలాగ. పాత బోట్లలో ఇవి ఎక్కువగా ప్లైవుడ్‌వో మామూలు కలపవో; పైన ఫైబర్‌గ్లాస్ కప్పి ఉంటుంది. ఇంజన్ కూర్చునేది వీటి మీదే. ఇక వెనుక గోడ, అంటే ట్రాన్సమ్. రెండు మూడు ప్లైవుడ్ పలకలు అతికించి, లోపలా బయటా ఫైబర్‌గ్లాస్ వేసి చేస్తారు. అవుట్‌బోర్డు మోటారు తగిలించే ట్రాన్సమ్ మందం చాలా బోట్లలో 38 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. స్టెర్న్‌డ్రైవ్ ఉన్నవాటిలో 50 దాటుతుంది. కాళ్ళ కింది నేల ప్లైవుడ్. పైడెక్కులో చాలాచోట్ల బాల్సా చెక్క ముక్కలు.

చెక్కను కుళ్ళబెట్టేది శిలీంధ్రం. అది బతకాలంటే తేమ, గాలి, కాస్త వెచ్చదనం కావాలి. చెక్కలో తేమ సుమారు 20 శాతంలోపు ఉన్నంతకాలం దాని ఆటలు సాగవు. తేమ 30 శాతం చేరి అక్కడే నిలిచిపోతే పండగే. ఉప్పునీరు శిలీంధ్రానికి అంతగా గిట్టదు, మంచినీరు బాగా గిడుతుంది. సముద్రంలో ఏళ్ళ తరబడి తిరిగిన బోటులో చెక్క గట్టిగా ఉండి, ఆరుబయట కప్పులేకుండా పడి ఉన్న బోటులో అదే చెక్క పిప్పి కావడం వెనుక కారణం ఇదే. ఫైబర్‌గ్లాస్ ఇక్కడ రెండు వైపులా పనిచేస్తుంది: బయటి నీటిని రానివ్వదు, ఒకసారి లోపలికి వచ్చిన నీటిని పోనివ్వదు. విడి చెక్క ఎండకు ఆరుతుంది, ఈ పెంకులో చిక్కిన చెక్కకు ఆరే దారి లేదు.

ఆ నీరు లోపలికి ఎలా వచ్చిందో చూడాలంటే సీటు బిగించిన ఒక్క మరను తీసి చూడండి. ఆ మర పైన అంగుళంలో పదో వంతు ఫైబర్‌గ్లాస్‌ను, దాని కింద ఏ పూతా లేని పచ్చి ప్లైవుడ్‌ను తొలుచుకుంటూ దిగి ఉంటుంది. సీటులో మనిషి కూర్చున్న ప్రతిసారీ అది వెంట్రుకవాసి కదులుతుంది. ఫ్యాక్టరీలో చుట్టూ పెట్టిన సీలెంటు, పెట్టి ఉంటే, కొన్నేళ్ళకు ఎండి వదిలేస్తుంది. అక్కడి నుంచి ప్రతి వానా ఆ మర గాడి వెంట దిగుతుంది. మర బయటికి వచ్చినప్పుడు కొన మీద తుప్పు, గాడిలో తడి గోధుమరంగు పొట్టు ఉంటే మీకు జవాబు దొరికినట్టే. బోటులో ఇలాంటి మరలు వందల్లో ఉంటాయి. నిచ్చెన కొక్కేలు, వెనుక మెట్టు పలక బ్రాకెట్లు, లోతు చూపే పరికరం తగిలించిన చిన్న మరలు, అన్నిటికన్నా ముఖ్యంగా అడుగున నీరు వదిలే డ్రెయిన్ రంధ్రం. ఆ రంధ్రం ట్రాన్సమ్ చెక్క గుండానే పోతుంది; దాని లోపలి గోడకు పూత లేకపోతే చెక్క నిత్యం నీటిని పీలుస్తూనే ఉంటుంది.

తట్టి చూడటం, తొలిచి చూడటం

కొనేముందు, లేదా ఇంట్లోనే ఉన్న బోటు మీద ఖర్చు మొదలుపెట్టేముందు, చేయాల్సిన పరీక్షలకు ఖరీదైన సాధనాలు అక్కర్లేదు. ప్లాస్టిక్ తలకాయ ఉన్న చిన్న సుత్తితో ట్రాన్సమ్‌ను, నేలను వరసగా తట్టుకుంటూ పోవాలి. గట్టి చెక్క మీద ఖంగుమనే శబ్దం వస్తుంది. పొర విడిపోయినచోట, కుళ్ళినచోట మొద్దుగా మోగుతుంది. ఆ తేడా పట్టుకోవడానికి చెవికి ఎంతోసేపు పట్టదు. అవుట్‌బోర్డు మోటారు కింది కొసను, లేదా స్టెర్న్‌డ్రైవ్ కాలును పట్టుకుని పైకి కిందికి ఊపినప్పుడు ట్రాన్సమ్ కూడా కదిలితే ఇక అనుమానం అక్కర్లేదు. ట్రాన్సమ్ మూలల్లో నెర్రెలు కూడా అదే మాట చెబుతాయి.

తేమ మీటరు సాయపడుతుంది కానీ తీర్పు చెప్పదు. ఫైబర్‌గ్లాస్ వెనుక లోహం ఉన్నా, పెయింటులో రాగి ఉన్నా అంకె పెరిగి చూపిస్తుంది. నన్నడిగితే తీర్పు చెప్పేది డ్రిల్లే. లోపలి వైపు నుంచి, బయటి పొర దాకా పోకుండా, 5 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. డ్రిల్లుకు చుట్టుకుని వచ్చే పొట్టు లేతరంగులో, పొడిగా, ఉంగరాలు తిరిగి ఉంటే చెక్క బాగున్నట్టు. ముదురు గోధుమరంగు ముద్ద, పుల్లని వాసన, డ్రిల్లు మొన ఏ ఒత్తిడీ లేకుండా దిగిపోవడం ఉంటే పోయినట్టు. పైన బాగున్నంత మాత్రాన నమ్మవద్దు. నీరు కిందికి దిగుతుంది కాబట్టి డ్రెయిన్ రంధ్రం పక్కన, ఇంజన్ మౌంట్ల కింద, స్ట్రింగర్ల అడుగున వేసి చూడాలి. బాగున్న రంధ్రాలను ఆ రోజే చిక్కటి ఎపాక్సీతో, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు రెజిన్‌తో, పూడ్చేయాలి, లేకపోతే పరీక్షే కొత్త జబ్బు తెచ్చిపెడుతుంది.

నేల కింద ఫోమ్ నింపిన బోట్లలో మరో లెక్క ఉంది. బోటు మునగకుండా పోసే పాలియురేథేన్ ఫోమ్ బరువు సాధారణంగా ఘనమీటరుకు 32 కిలోల దగ్గర ఉంటుంది. దాని గదులు మూసుకుని ఉంటాయి కాబట్టి నీరు పీల్చదనే పేరు. కానీ దశాబ్దాల తరబడి నీటిలో నాని, ఎండకు వేడెక్కి, చలికి బిగుసుకుంటే ఆ గదుల గోడలు తెగుతాయి. అప్పుడు ఘనమీటరు ఫోమ్ వందల కిలోల నీటిని పట్టుకుని కూర్చుంటుంది. బోటును ట్రెయిలరుతో సహా వేబ్రిడ్జి మీద తూకం వేయించి, ట్రెయిలరు బరువు తీసేసి, తయారీదారు ప్రకటించిన బరువుతో పోల్చి చూస్తే ఇది తేలిపోతుంది. ట్యాంకులో ఇంధనం ఎంతుందో కూడా లెక్కలో వేసుకోవాలి. నా దృష్టిలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత నిజం చెప్పే పరీక్ష మరొకటి లేదు.

కుళ్ళిన చెక్కలోకి పలచటి రెజిన్ ఎక్కించి గట్టిపరచవచ్చనే మాట తరచుగా వినిపిస్తుంది. తడిసిన చెక్కలో ఆ రెజిన్‌కు చోటు ఉండదు, నీరు అప్పటికే ఆ చోటు ఆక్రమించి ఉంటుంది. రంధ్రాల చుట్టూ కాస్త గట్టిపడి, మధ్యలో మెత్తగానే మిగులుతుంది. కిటికీ చట్రానికైతే సరిపోతుందేమో. వేగంగా పోయే బోటులో వందల కిలోల ఇంజన్ తోపును మోసే గోడకు ఆ వైద్యం పనికిరాదు. కుళ్ళింది తీసి కొత్తది వేయాల్సిందే.

ఇక్కడే ఆగి డబ్బు లెక్క వేసుకోవాలి. ట్రాన్సమ్, స్ట్రింగర్లు, నేల, ఫోమ్, ఇంధన ట్యాంకు, వైరింగు, సీట్లు అన్నీ కొత్తగా వేస్తే, దానికి ఇంజన్ పని కూడా తోడైతే, అదే మోడల్‌లో చక్కగా చూసుకున్న, నడుస్తున్న బోటు ధరను ఆ ఖర్చు చాలాసార్లు దాటిపోతుంది. ఉచితంగా ఇచ్చిన బోటు విషయంలోనూ అంతే. ఆ బోటు మీద ఇష్టంతో, పని మీద ఇష్టంతో చేస్తున్నామంటే అది సరైన కారణమే. ఆదా కోసమైతే సరైన కారణం కాదు. ఆ మాట మొదట్లోనే ఒప్పుకున్నవారు సగంలో వదిలేయరు.

ఆకారం చెడకుండా విప్పడం

నేల, స్ట్రింగర్లు తీసేశాక మిగిలేది వంగే పెంకు. దాన్ని సరిగా ఆనించకుండా వదిలితే అది తన బరువుకే రూపు మారుతుంది, మీరు కొత్త స్ట్రింగర్లు వేసి ఆ వంకరను శాశ్వతం చేస్తారు. అడుగుభాగం వెనుకవైపు చివరి మీటరున్నర సరళరేఖలా ఉండాలి. అక్కడ లోపలికి గుంత పడితే దాన్ని హుక్ అంటారు. అలాంటి బోటు ముక్కు దించుకుని పరుగెడుతుంది, వేగం పోతుంది. అదే చోట బయటికి ఉబ్బితే ముక్కు ఎగిరెగిరి పడుతుంది. కొద్ది మిల్లీమీటర్ల తేడా కూడా వేగంలో తెలుస్తుంది. సరిగా అమర్చని ట్రెయిలరు రోలర్లే ఏళ్ళ తరబడి ఒత్తి ఈ గుంతను పెట్టి ఉండవచ్చు కూడా. అందుకే విప్పకముందే పొడవాటి తిన్నని కడ్డీ పెట్టి చూడాలి, తాడు బిగించి కొలవాలి.

బోటును చాలాచోట్ల వెడల్పాటి పలకల మీద ఆనించి, నాలుగు మూలలూ మట్టం చూసుకుని, అప్పుడే కోత మొదలుపెట్టాలి. స్ట్రింగర్లు అన్నీ ఒకేసారి తీయకుండా ఒక్కొక్కటిగా మారిస్తే ఆకారం నిలుస్తుంది. ఇంజన్ దింపేముందు మౌంట్ల ఎత్తు, ట్రాన్సమ్ నుంచి వాటి దూరం, ఇరుపక్కల నుంచి దూరం రాసుకుని ఫొటోలు తీసి పెట్టుకోవాలి. స్టెర్న్‌డ్రైవ్‌లో ఇంజన్ షాఫ్టు, ట్రాన్సమ్‌లోని బేరింగు ఒకే గీత మీద ఉండాలి. అలైన్‌మెంట్ కడ్డీ చేత్తో తోస్తే సాఫీగా జారి ఇంజన్ వెనుక ఉండే కప్లరులో కూర్చోవాలి. కొత్త స్ట్రింగర్లు అరంగుళం ఎత్తు తక్కువైతే ఆ కడ్డీ దిగదు, మళ్ళీ మొదటికొస్తారు.

ట్రాన్సమ్ పనిని దగ్గరగా చూద్దాం, ఎందుకంటే మిగతావన్నీ దాని చిన్న రూపాలే. బయటి పొర మీద రంగు, ఆకారం చెడకుండా ఉండాలంటే లోపలి నుంచి తీయడం మేలు. లోపలి ఫైబర్‌గ్లాస్ పొరను చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు అంచు వదిలి గ్రైండరుతో కోసి తీస్తారు. కుళ్ళిన ప్లైవుడ్ ఉలి పెట్టకుండానే పిడికిళ్ళతో వస్తుంది. అసలు శ్రమంతా పైమూలల్లో ఇంకా గట్టిగా అంటుకుని ఉన్న భాగంతోనే. దాన్ని కూడా మిగల్చకూడదు. బాగున్నట్టు కనిపించే అంచులోకి శిలీంధ్రం పోగులు అప్పటికే పాకి ఉంటాయి. తర్వాత బయటి పొర లోపలి ముఖాన్ని 40 నంబరు ఉప్పుకాగితంతో గరుకుగా చేసి, దుమ్ము తీసి, అసిటోన్‌తో తుడవాలి. అతుకు పట్టేది ఈ గరుకుతనం వల్లే.

కొత్త మెరైన్ ప్లైవుడ్‌ను కోసి పొడిగా అమర్చి చూసుకున్నాక, అన్ని ముఖాలకూ, ముఖ్యంగా అంచులకు, పలచటి ఎపాక్సీ పట్టించాలి. అంచుల్లో చెక్క నాళాలు తెరుచుకుని ఉంటాయి, అవి పూత తాగినకొద్దీ తాగుతాయి. తాగడం మానేదాకా పోయాలి. తర్వాత చిక్కబరిచిన ఎపాక్సీని పళ్ళ తాపీతో పెంకు మీద పరిచి, పలకను అదిమి బిగించాలి. పలకలో అక్కడక్కడ సన్నని రంధ్రాలు వేసి ఉంచితే లోపల చిక్కిన గాలి వాటి గుండా పోతుంది, జిగురు పైకి రావడం కంటికి కనిపిస్తుంది. బిగింపు మరీ ఎక్కువైతే జిగురంతా బయటికి కారిపోయి అతుకులో జిగురు చాలకుండా పోతుంది. అన్ని అంచుల నుంచీ సన్నగా పొంగిందంటే చాలు, ఆపేయాలి.

ఆ తర్వాత మూలలను గుండ్రంగా నింపాలి. గాజు గుడ్డ నిటారు మూల మీద కూర్చోదు, కింద గాలి బుడగ మిగులుతుంది. ఆ గుండ్రని మూల మీదుగా ఒకదానికన్నా ఒకటి వెడల్పుగా గుడ్డ పొరలు వేస్తారు, భారం ఒకే గీత మీద పడకుండా. పాత పొరతో కొత్త పొర కలిసేచోట అంచును వాలుగా రుద్దాలి: మందానికి 12 రెట్లు వాలు. 5 మిల్లీమీటర్ల మందానికి 60 మిల్లీమీటర్ల వాలు. చూడ్డానికి చాలా ఎక్కువనిపిస్తుంది, తగ్గించాలని చేయి లాగుతుంది. తగ్గించవద్దు. స్టెర్న్‌డ్రైవ్ ఉంటే ట్రాన్సమ్ మందం తయారీదారు చెప్పిన హద్దుల్లో, రెండు ముఖాలూ సమాంతరంగా రావాలి. పొరలు వేసుకుంటూ పోయేటప్పుడు ఈ కొలత మరిచిపోతే చివర్లో రుద్దుడు తప్పదు.

ఏ రెజిన్

బోటు కట్టింది పాలిస్టర్‌తో కాబట్టి దాంతోనే బాగుచేయాలన్నది ఒక వాదం. అచ్చులో పొర మీద పొర తడిగా ఉండగానే వేసినప్పుడు పాలిస్టర్ పొరలు రసాయనికంగా కలిసిపోతాయి. ముప్పై ఏళ్ళ కిందట గట్టిపడిన పెంకు మీద వేసేది మాత్రం ఉత్త జిగురు పనే చేయాలి, జిగురుగా ఎపాక్సీ చాలా మేలు. చెక్కకు కూడా అదే బాగా పడుతుంది. అందుకే ట్రాన్సమ్‌కు, స్ట్రింగర్లకు నా ఓటు ఎపాక్సీకే, ధర ఎక్కువైనా. పాలిస్టర్‌తో పద్ధతిగా చేసిన ట్రాన్సమ్‌లు ఏళ్ళపాటు నిలిచిన మాటా నిజమే.

రెండింటినీ కలిపి వాడేటప్పుడు వరస ముఖ్యం. పాలిస్టర్ మీద ఎపాక్సీ పడుతుంది. ఎపాక్సీ మీద పాలిస్టర్ గానీ జెల్‌కోట్ (బోటు పైన నిగనిగలాడే రంగు రెజిన్ పూత) గానీ నమ్మకంగా పట్టదు. కాబట్టి బయట జెల్‌కోట్ వేయాలనుకున్నచోట ఎపాక్సీ వాడితే తర్వాత పెయింటే గతి. గాజు చాపల్లోనూ తేడా ఉంది. గాజు పీచు ముక్కలు అతికించిన మామూలు చాపలో వాటిని పట్టి ఉంచే బైండరు పాలిస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికి కరిగి చాప మెత్తబడుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ లేదు, చాప బిరుసుగానే ఉండి మూలల్లో కూర్చోదు. ఎపాక్సీకి దారంతో కుట్టిన ఏటవాలు పోగుల గుడ్డ తీసుకోవాలి.

పాలిస్టర్‌లో గట్టిపరిచే ద్రవాన్ని 1 నుంచి 2 శాతం మధ్య, వాతావరణాన్ని బట్టి అటూఇటూ మార్చుకోవచ్చు. ఎపాక్సీకి ఆ స్వేచ్ఛ లేదు. అందులో రెండు భాగాలూ లెక్క ప్రకారం ఒకదానితో ఒకటి కలిసి ఖర్చవ్వాలి. హార్డెనరు ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడదు, మిగిలిన హార్డెనరు లోపల మెత్తగా ఉండిపోతుంది. తొందరగా గట్టిపడాలంటే వేగంగా పనిచేసే హార్డెనరు రకం కొనాలి, లేదా చోటు వెచ్చబెట్టాలి. కలిపిన ఎపాక్సీని లోతైన డబ్బాలో ఉంచితే తన వేడికే మరిగి పొగలు కక్కుతుంది; వెడల్పు పళ్ళెంలో పోస్తే నెమ్మదిస్తుంది. గట్టిపడ్డాక పైన మైనంలా తేలే జిడ్డును నీళ్ళతో కడిగాకే రుద్దాలి. కడగకుండా రుద్దితే ఆ జిడ్డు ఉప్పుకాగితంతో పాటు గరుకు గీతల్లోకి పోయి తర్వాతి పొర పట్టదు.

ఈ పనిలో ఒంటికి జరిగే నష్టం గురించి గట్టిగా చెప్పాలి. గాజు దుమ్ము దురదతో ఆగదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎపాక్సీ పదేపదే చర్మానికి తగిలితే ఒకరోజు ఒళ్ళు దాన్ని సహించడం మానేస్తుంది, ఆ అలర్జీ జీవితాంతం పోదు. అడుగున ఉన్న పాత పెయింటులో ట్రైబ్యూటైల్‌టిన్ ఉండవచ్చు. సముద్రజీవులకు అంత హాని చేస్తుంది కాబట్టే దాన్ని నిషేధిస్తూ 2001లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, 2008లో అమల్లోకి వచ్చింది. అలాంటి పెయింటును పొడిగా రుద్దకూడదు. తడిపి గీకి, చెత్తను పట్టి వేరుగా పారవేయాలి. రెండు భాగాల పాలియురేథేన్ పెయింటును స్ప్రే చేస్తే వచ్చే ఐసోసయనేట్లనే హానికర రసాయనాల నుంచి మామూలు మాస్కు కాపాడదు, బయటి గాలి అందించే మాస్కు కావాలి. ఇంటి దగ్గర చేసేవారికి రోలరు, బ్రష్షు పద్ధతే శ్రేయస్కరం.

ఇంజన్, ఇంధనం, కరెంటు

చెక్క పని ముగిశాక ఇంజన్ వైపు రావచ్చు. కొత్త ట్రాన్సమ్ మీద పాత ఇంజన్ ఎక్కించే ముందు ప్రతి సిలిండరు కంప్రెషన్ కొలవాలి. అంకె ఎంతుందన్నదానికన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 10, 15 శాతం దాటితే కారణం వెతకాలి. గేర్ల నూనె పాలలా తెల్లబడితే నీరు చేరినట్టు. స్టెర్న్‌డ్రైవ్ కాలు, ట్రాన్సమ్ మధ్య బెల్లోలనే ముడతల రబ్బరు గొట్టాలు ఉంటాయి. అవి నీటిమట్టానికి దిగువన ఉంటాయి కాబట్టి చిరిగితే బోటు కట్టేసినచోటే మునిగిపోగలదు. వయసు తెలియని బెల్లోను చూసి బాగుందని వదలకూడదు, మార్చాల్సిందే. నీటి పంపులో నీటిని తోసే రబ్బరు చక్రం, ఇంపెల్లరు, కూడా అంతే. ఉప్పునీటిలో నడిచిన ఇంజన్లలో పొగను బయటికి పంపే పోత ఇనుప ఎగ్జాస్టు మానిఫోల్డులు లోపలి నుంచి తుప్పు పట్టి, ఒకరోజు నీటిని సిలిండర్లలోకి వదులుతాయి. బయటికి రంగు వేసి నిగనిగలాడే మానిఫోల్డును చూసి మోసపోవద్దు.

కారు విడిభాగాలు చౌక, చాలాసార్లు అవే మరలకు సరిపోతాయి కూడా. పెట్రోలు ఇంజన్ మీద వాటిని వాడకూడదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. కారులో అది కింది రోడ్డు మీదికి పోతుంది, బోటులో బిల్జ్‌లో, అంటే అడుగున నీరు చేరే పల్లంలో, నిలుస్తుంది. గాలిలో 1.4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. అందుకే బోటు స్టార్టరు, ఆల్టర్నేటరు, డిస్ట్రిబ్యూటరు లోపలి రవ్వ బయటికి పోకుండా కట్టి ఉంటాయి; కార్బ్యురేటరు పొంగితే పెట్రోలు బయటికి కారకుండా లోపలికే మళ్ళుతుంది. ధర తేడా దానికే. స్టార్టు చేసేముందు ఆ ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, బ్లోయరు, కనీసం నాలుగు నిమిషాలు నడపాలన్న నియమమూ ఇందుకే.

ఫోమ్‌లో పూడ్చిన అల్యూమినియం ఇంధన ట్యాంకు తడి ఫోమ్ తగిలినచోటల్లా గుంతలు పడుతుంది. నేల ఎలాగూ తీశారు కాబట్టి ట్యాంకు, గొట్టాలు అన్నీ ఇప్పుడే మార్చడం తెలివి. నేల వేశాక మారిస్తే మళ్ళీ కోయాలి. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత గొట్టాలను మెత్తబరుస్తుంది కాబట్టి దానికి తట్టుకునే రకమే కొనాలి. కొత్త ఫోమ్ మానేద్దామని చాలామందికి అనిపిస్తుంది. కానీ ఆ బోటు నీళ్ళతో నిండినా తేలేలా చూసేది అదే. చిన్న బోట్లలో మనుషులు పట్టుకుని ఉండగలిగేది దాని వల్లే. ఫోమ్ వేయండి, దాని కింద మధ్యగీత వెంట నీరు వెనక్కి పారే కాలువ వదలండి.

వైరింగు విషయంలో అతుకులు వేసుకుంటూ పోవడం కన్నా మొత్తం లాగేసి కొత్తది వేయడమే తక్కువ పని. తగరం పూసిన బహుపోగుల రాగి తీగ, లోపల జిగురుండి వేడికి ముడుచుకునే ష్రింకు గొట్టంతో నొక్కి బిగించిన టెర్మినళ్ళు, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఫ్యూజు. బిల్జ్ పంపుకు ఇచ్చే కరెంటు మెయిన్ స్విచ్ మీద ఆధారపడకుండా, ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీ నుంచి రావాలి. మనిషి లేనప్పుడు పనిచేయాల్సిన పంపు అది.

నీటిలో ఉండే లోహాలకు కాపలా యానోడ్లది; అవి తాము ముందు కరిగిపోయి మిగతావాటిని కాపాడే లోహపు దిమ్మలు. ఉప్పునీటికి జింకు గానీ అల్యూమినియం గానీ, మంచినీటికి మెగ్నీషియం. సగం కరిగితే మార్చాలి, వాటికి రంగు వేస్తే పనిచేయవు. అడుగున ఉండే కవాటాలు కంచువి కావాలి. మామూలు ఇత్తడిలోని జింకు కరిగిపోయి గులాబీరంగు గుల్ల మిగులుతుంది, అది సుత్తి దెబ్బకే విరుగుతుంది.

మళ్ళీ మరలు, ఆ తర్వాతే రంగు

కొత్త నేల మీద సీట్లు బిగించేరోజే బోటు భవిష్యత్తు మళ్ళీ నిర్ణయమవుతుంది. పాత పద్ధతిలో మరలు దింపితే ఇంత పనీ కొన్నేళ్ళలో మొదటికి వస్తుంది. ప్రతి మరకూ కావాల్సినదానికన్నా పెద్ద రంధ్రం వేసి, చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక ఆ ఎపాక్సీ మధ్యలో సరైన కొలత రంధ్రం వేయాలి. ఇప్పుడు సీలెంటు విఫలమైనా నీరు తగిలేది ఎపాక్సీకే, చెక్కకు కాదు. డ్రెయిన్ రంధ్రానికీ ఇదే. నీటిమట్టానికి పైన డెక్కు సామానుకు బ్యూటైల్ టేపు హాయిగా పనిచేస్తుంది, మళ్ళీ విప్పుకోవచ్చు. దిగువన పాలియురేథేన్ సీలెంటు. సిలికాన్‌ను పెయింటు వేయాల్సిన చోటికి దగ్గరకే రానివ్వకూడదు. దాని జిడ్డు మిగిలినచోట పెయింటు పట్టదు.

అడుగున బుడగల్లాంటి బొబ్బలు కనిపిస్తే చాలామంది హడలిపోతారు. జెల్‌కోట్ గుండా ఇంకిన నీరు లోపలి పదార్థాలను కరిగించి ఒత్తిడి పెంచడం వల్ల వచ్చేవి అవి. గుచ్చితే పుల్లటి వాసన ద్రవం వస్తుంది. విప్పి, కడిగి, నిదానంగా ఆరబెట్టి, పూడ్చి, ఎపాక్సీ అడ్డుపూత వేస్తే సరిపోతుంది. ట్రాన్సమ్ కుళ్ళుతో పోలిస్తే ఇది చిన్న విషయం. పై రంగు, పాలిష్, సీట్ల గుడ్డ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అవి ఎవరి అభిరుచిని బట్టి వారివి, ఎప్పుడైనా మళ్ళీ చేసుకోగలిగినవి.

మొదటిసారి నీటిలో దించినప్పుడు ట్రెయిలరు పట్టీ విప్పకముందే బిల్జ్ మూత తీసి టార్చితో చూడాలి: డ్రెయిన్ ప్లగ్గు చుట్టూ, బెల్లోల దగ్గర, ప్రతి గొట్టం చివర. పొడిగా ఉంటేనే వదలాలి. ఒడ్డు దగ్గరే నెమ్మదిగా తిరిగి, ఇంజన్ ఉష్ణోగ్రత నిలకడగా ఉందో చూసి, వెనక్కి వచ్చి మళ్ళీ బిల్జ్ చూడాలి. కొద్ది గంటలు నడిచాక ఇంజన్ మౌంట్ల నట్లు, ట్రాన్సమ్ బోల్టులు కొలత ప్రకారం మరోసారి బిగించి, అలైన్‌మెంట్ కడ్డీ మళ్ళీ పెట్టి చూసి, గేర్ల నూనె చుక్క తీసి రంగు చూడాలి. తిరిగి ఇంటికి తెచ్చాక ప్లగ్గు తీసి, ముక్కు పైకెత్తి ఉంచి, గాలి ఆడేలా కప్పు వేయాలి.